నడుమ అమెరికాలో రత్నమ్మ

పుంగనూరు రత్నమ్మకు దేశమంతా తెలుసు. ఎట్లా తెలుసంటే, కూరగాయల లెక్కన తెలుసు. షిరిడీ అంటే ఆమెకు కండ్లలో నీళ్ళు తెప్పించే ఎర్రటి ఉల్లిగడ్డలు. రామేశ్వరమంటే ఎంతసేపు మరిగినా పప్పు మెత్తబడని ఉప్పు నీళ్ళు. కాశీ అంటే చేత్తో ఎత్తితే బరువు తెలిసే గుండ్రటి వంకాయలు, వాటికోసం సత్రం పిట్టగోడ మీద కాచుకుని కూర్చునే కోతులు. గంగ ఎట్లా ఉంటుందని ఎవరైనా అడిగితే మాత్రం కాసేపు ఆలోచించి, నీళ్ళు మంచివి, అన్నం తెల్లగా ఉడుకుతుంది అనేది.

మదనపల్లెలో పురుషోత్తం అనే ఆయన యాత్రా బస్సులు నడుపుతాడు. బస్సు లోపల భక్తులు, బస్సు మీద గుండిగలు, బియ్యం మూటలు, గ్యాసు సిలిండర్లు, వెనక సీట్లో వంటమనిషి. మన వైపు యాత్రల పద్ధతి అది. మనిషి ఎంత దూరం పోయినా నాలుకను మాత్రం ఊర్లోనే కట్టేసి పోతాడు. ప్రయాగలో మూడు మునకలు వేసి పాపాలన్నీ వదిలించుకున్నవాడు కూడా ఒడ్డెక్కగానే చిత్రాన్నం ఉందా అనే అడుగుతాడు.

ఆ వెనక సీటు రత్నమ్మది. మొగుడు పోయిన ఏడాది ఎక్కింది, తల నెరిసేదాకా దిగలేదు. బస్సు క్షేత్రం చేరగానే జనం తువ్వాళ్ళు భుజాన వేసుకుని స్నానాలకు పోతారు, వాళ్ళు తిరిగొచ్చేలోగా ఉప్మా కావాలి. ఉప్మా తిని దర్శనానికి పోతారు, వాళ్ళొచ్చేలోగా అన్నం, పప్పు, చారు. తిని నడుం వాల్చి బజారుకు పోతారు, ఆ వేళకు గిన్నెలు తోమి బస్సు మీదికి ఎక్కించాలి. ఏ క్షేత్రానికి పోయినా ఆమెకు కనబడేది సత్రం వెనక పెరడే. నువ్వు దర్శనానికి రాకపోతేనేం, అన్నం పెట్టే చేతి దగ్గరికి దేవుడే వస్తాడని యాత్రికులు ఇంత ప్రసాదం తెచ్చి ఆమె చేతిలో పెట్టేవాళ్ళు. దేవుడు రాలేదని ఆమె ఎవరితోనూ అనలేదు. వచ్చే యాత్రలో చూడొచ్చులే అనుకునేది. వంటవాళ్ళకు వచ్చే యాత్ర అనేది ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

ఆమె చెల్లెలు ఉషారాణిని కుప్పంలో ఇచ్చారు. అక్కచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పుడు ఒకరి చేలో శెనక్కాయలు పీకి, ఇంకొకరి చేలో టమోటాలు కోసి పెరిగినవాళ్ళే. ఉషారాణి కూతురు హరితతో ఆ ఇంట్లో కూలి అనే మాట పోయి జీతం అనే మాట వచ్చింది. హరితకు బెంగళూరులో ఉద్యోగం. వారం చివర రైలెక్కి కుప్పం రావడం, సోమవారం పొద్దున్నే మళ్ళీ రైలెక్కడం. అయితే ఆ పిల్లకు ఒక పిచ్చి ఉంది. సెలవులు కూడబెట్టి, వీపుకు సంచి తగిలించుకుని, అగ్గువ టికెట్టు ఎక్కడికి దొరికితే అక్కడికి పోతుంది. హోటళ్ళలో దిగదు. ఒకే గదిలో పదిమంది పడుకునే చోట్ల ఒక మంచం అద్దెకు తీసుకుంటుంది. నక్షత్రాల హోటల్లో దిగినవాడికి ఆ హోటలే కనిపిస్తుంది, ఇట్లా పోయినవాళ్ళకే ఊరు కనిపిస్తుందని దాని సిద్ధాంతం. లోకంలో పాత బాటసారులందరూ చెప్పింది అదే, ఆ పిల్ల చదివి తెలుసుకున్నది కాదు.

ఆ ఏడాది దీపావళి సెలవులకు అది గ్వాటెమాలా పోతానంది. రెండు అమెరికాల నడుమ సన్నటి నడుం లాంటి నేల ఉంది కదా, అందులో ఒక దేశం. అక్కడ వానకాలం తోక ఇంకా ఆడుతుండే నెల గనక గదులు చవక. ఒక రాత్రి మంచానికయ్యేది తిరుపతి లాడ్జీ గదిలో సగం కూడా కాదు. ఉషారాణి ఈ లెక్కలేమీ వినలేదు. అంతదూరం ఆడపిల్ల ఒంటరిగా పోయేది లేదని రెండు వారాలు ఇంట్లో పొయ్యి మీద గిన్నెలన్నిటినీ మోగించింది. చివరికి ఒక దారి చూపించింది.

"మీ పెద్దమ్మ దేశమంతా తిరిగినామె. ఆమె తోడొస్తే పో, ల్యాకుంటే గమ్మునుండు."

అట్లా రత్నమ్మ పేరు పైకొచ్చింది. ఆమెకు పాసుపోర్టు కూడా ఉంది. ఒకసారి పురుషోత్తం శ్రీలంక యాత్ర కడతానని అందరితోపాటు ఆమెకూ తీయించాడు. ఆ యాత్ర జరగలేదు, పాసుపోర్టు ట్రంకుపెట్టెలో పట్టుచీర కింద పడి ఉంది. హరిత పుంగనూరు వచ్చి విషయం చెబితే రత్నమ్మ ఖర్చు అడగలేదు, విమానం అంటే భయమనలేదు. ఆడ సూసేదానికి ఏముండాది అని మాత్రం అడిగింది.

హరిత ఫోను తీసి ఒక కొండను చూపించింది. చెట్టూ చేమా లేని నల్లటి కొండ, నెత్తిన ఎర్రటి నిప్పులు పైకి లేచి పక్కలకు జారుతున్నాయి. రత్నమ్మ ఫోను చేతిలోకి తీసుకుని, అది ఆగిపోతే మళ్ళీ పెట్టించుకుని చూసింది.

"దీన్ని దగ్గిర్నించి సూడొచ్చునా పాపా?"

"సూడొచ్చు పెద్దమ్మా. ఎదురుగ్గా ఇంకో కొండుండాది. దాని మీదికెక్కి సూస్తారు."

"అయితే వస్తా. తోడుకని మీయమ్మ అనుకోనీ. నేను మాత్రం సూసేదానికే వస్తాండాను, గుర్తుపెట్టుకో."

వీధి చివర అంగడి సుబ్రమణ్యానికి ఈ సంగతి తెలిసి, రత్నమ్మ అటుకులు కొనబోతే ఆపి మాట కలిపాడు. అమెరికా పోతావంట కదా అన్నాడు. అమెరికానే గానీ ఆ అమెరికా కాదు, నడుమ ఉండేదని ఆమె వివరించింది. నడుమ ఏముంటుందన్నాడు. నిప్పుకొండలంది. సుబ్రమణ్యం అటుకులు పొట్లం కడుతూ, "నిప్పును సూసేదానికి సముద్రాలు దాటి పోవల్నా రత్నమ్మక్కా? ఇన్నేండ్లు పొయ్యి కాడ సూసింది సాల్లేదా?" అన్నాడు. అంగట్లో ఉన్న నలుగురూ నవ్వారు. రత్నమ్మ కూడా నవ్వింది. కానీ ఆ మాట పొట్లంతో పాటే ఇంటికొచ్చింది.

ఇన్ని అనుకున్న మనిషి సంచి సర్దేటప్పుడు ఏం సర్దింది? చీరలు మూడు. చారుపొడి, శెనక్కాయల పొడి, చింతపండు, ఇంగువ, రాగిపిండి, గరిటె, పోపుల డబ్బా. హరిత తలకొట్టుకుంది. సూసేదానికి పోతాండానంటివే పెద్దమ్మా అంటే, తినకుండా సూస్తే కండ్లు తిరగవా అని ఎదురడిగింది.

ఇస్తాంబుల్‌లో ఒకసారి, పనామాలో ఒకసారి విమానం మారారు. దిగిన ఊరి నుంచి ఆంటిగ్వాకు బస్సెక్కారు. క్రికెట్ ఆటగాళ్ళ ఆంటిగ్వా ద్వీపం వేరు, ఇది వేరే ఊరు. ఆ దేశపు బస్సుల గురించి చెప్పకుండా ముందుకు పోకూడదు. ఉత్తర అమెరికాలో బడిపిల్లలను మోసి మోసి మూలపడిన పసుప్పచ్చ బస్సులను ఈ దేశంవాళ్ళు తెచ్చుకుంటారు. ఎరుపు, నీలం రంగులు పూసి, అద్దాల నిండా దేవుళ్ళ పేర్లు రాసి, ఇద్దరు పట్టే సీట్లో ముగ్గురిని కూర్చోబెడతారు. కండక్టరు నడుస్తున్న బస్సు వెనక నిచ్చెన పట్టుకుని పైకెక్కి మూటలు సర్దుతాడు. పక్కన కూర్చున్నామె ఒళ్ళో కోడి ఉంది. రత్నమ్మ ఆ కోడిని నిమిరి, ఇది మన పలమనేరు బస్సే గదా, మనల్ని ఇంతదూరం తిప్పి మళ్ళీ ఆడికే తెచ్చినారా ఏమి అంది.

ఆంటిగ్వా ఒకప్పుడు రాజధాని. రెండు వందల యాభై ఏళ్ళ కిందట భూమి కదిలి ఊరు కూలిపోతే రాజధాని లేచి వేరేచోటికి పోయింది. కూలిన చర్చీలు మాత్రం కూలినట్లే ఉన్నాయి. బండలు పరిచిన వీధులు, పెంకుటిళ్ళు, ఊరి చుట్టూ మూడు కొండలు. ఒకదాని పేరు వాళ్ళ భాషలో నీళ్ళు. ఇంకొకటి అకతెనాంగో. దాన్ని ఆనుకుని ఉన్నదే ఫ్వేగో, అంటే నిప్పు. హరిత ఫోనులో చూపించిన కొండ అదే. రత్నమ్మ బస్సు దిగగానే తల ఎత్తి చూసింది. మూడు కొండలూ మబ్బులో ఉన్నాయి. తెల్లటి గోడ కట్టినట్లుంది తప్ప అక్కడ కొండ ఉందంటే నమ్మేట్లు లేదు.

వాళ్ళు దిగిన హాస్టలు ఒక పాత మండువా లోగిలి. నడుమ ముంగిట్లో రాతి తొట్టి, చుట్టూ గదులు, గదుల్లో ఒకదానిమీద ఒకటి కట్టిన మంచాలు, ఒక మూల అందరికీ కలిపి వంటిల్లు. నడిపేది మార్తా అనే పెద్దామె. అక్కడ పెద్దామెను దోన్యా అని మర్యాదగా పిలుస్తారు. రత్నమ్మ ఆ మంచాలనూ, వేలాడే తడి బట్టలనూ, రకరకాల గురకలనూ చూసి ఒక నిశ్చయానికొచ్చింది: ఇది సత్రమే. ఆమె తప్పేమీ లేదు. ముక్కూ మొగం తెలియని బాటసారులు ఒకే చూరు కింద తలదాచుకునే చోటును మనుషులు దేశదేశాల్లో వేరువేరుగా కనిపెట్టారు, అన్నిచోట్లా ఒకేలా కనిపెట్టారు. తేడా ఎక్కడొచ్చిందంటే తిండి దగ్గర వచ్చింది.

మన యాత్రల్లో ఒక ఆచారం ఉంది. దారిలో ఎవరు ఏ కూరగాయ కొన్నా, ఎవరికి ఏ చుట్టం ఏ కాయ ఇచ్చినా అది వంట గంపలో పడాలి. గంపలో పడ్డాక అది అందరిది. రెండోరోజు పొద్దున రత్నమ్మ ఆ వంటింట్లోకి పోయి ఫ్రిజ్జు తెరిచింది. చిన్న చిన్న సంచులు, సంచుల మీద పేర్లు. ఒక సంచిలో రెండు టమోటాలు, ఒక సంచిలో సగం కోసిన ఉల్లిగడ్డ, ఇంకోదాంట్లో ఒంటరి వంకాయ. బయట బల్ల దగ్గర ఎదిగిన పిల్లలు నిలబడే ఎండు రొట్టె నములుతున్నారు. ఎవరెవరు ఏమేం ఇచ్చారో తెలియడానికి పేర్లు రాశారనుకుందామె. పద్ధతి బాగుంది అనుకుని, సంచులన్నీ ఒక గిన్నెలో కుమ్మరించింది.

హరిత స్నానం చేసి వచ్చేసరికి పోపు వాసన ముంగిలంతా కమ్మేసింది, ముంగిట్లో గొడవ జరుగుతోంది. ఒక జర్మనీ కుర్రాడు తన జున్ను ఏదని అడుగుతున్నాడు. ఒక డచ్చి అమ్మాయి అవకాడో అనే తన వెన్నపండు కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. హరిత అందరికీ దండం పెట్టి, మా పెద్దమ్మకు తెలియదు, అన్నీ కొనిస్తానని చెబుతుంటే రత్నమ్మ ఆ మాటలేవీ పట్టించుకోకుండా పళ్ళేలు పరిచి వడ్డించడం మొదలుపెట్టింది. డచ్చి అమ్మాయికి మొదట పెట్టింది, ఏడుస్తోంది గనక. ఆ అమ్మాయి ఒక ముద్ద తిని, ఏడుపు ఆపి, కూర్చుంది. తర్వాత అందరూ కూర్చున్నారు. జున్ను ఏమయిందో ఎవరికీ తెలియలేదు. జర్మనీ కుర్రాడు మూడోసారి పెట్టించుకునేటప్పుడు దాని సంగతి మరిచిపోయాడు.

సాయంత్రం దోన్యా మార్తా హరితను పిలిచి ఒక మాట చెప్పింది. అట్లాంటి చోట్ల అది మామూలే. డబ్బు తక్కువున్న ప్రయాణికులు దుప్పట్లు మార్చో, గోడలకు రంగులు వేసో, దానికి బదులు మంచానికి అద్దె కట్టకుండా ఉంటారు. మీ పెద్దమ్మ పొద్దునా రాత్రీ వండితే మీ ఇద్దరికీ మంచాలు ఊరికే అంది. హరిత లోపల ఎగిరి గంతేసింది. మిగిలిన డబ్బుతో సరస్సు చూడొచ్చు, అడవిలోని పాత గుళ్ళు చూడొచ్చు. పెద్దమ్మను అడిగితే, వండేదానికేముందమ్మా అంది. మనిషికి తనకొచ్చిన పనిని నలుగురూ మెచ్చుకుంటే ఎంత బాగుంటుందో, ఆ వారం ఆమెకు అంత బాగుంది.

మార్తాతో కలిసి సంతకు పోయింది. అక్కడ ఆమె ఆశ్చర్యపోవాల్సింది, పోలేదు. టమోటాలు, పచ్చిమిరప, జామ, బొప్పాయి, సీతాఫలం, మొక్కజొన్న పొత్తులు, మనం బెంగళూరు వంకాయ అనేది కూడా. నిజానికి వీటిలో ఎక్కువ భాగం ఆ అమెరికాల్లోనే పుట్టి, ఓడలెక్కి మన దగ్గరికొచ్చినవి. బెంగళూరు వంకాయ బెంగళూరులో పుట్టలేదు. మదనపల్లె మండీలో పొద్దున్నే లారీలకెక్కే టమోటాల తాతలు ఈ నేల చుట్టుపక్కలవాళ్ళే. రత్నమ్మకు ఈ చరిత్ర తెలియదు. సంతలో టమోటా ఒకటి నొక్కి చూసి, మనదంత గట్టిగా లేదు, లారీ ప్రయాణానికి తట్టుకోదు అని తీర్పు చెప్పింది.

రోజులు అట్లా నడిచాయి. హరిత పొద్దున్నే తక్కినవాళ్ళతో కలిసి కాఫీ తోటలకు పోయింది, కూలిన చర్చీలు చూసొచ్చింది. ఒక రాత్రి అక్కడే ఉండేట్టు అతిత్లాన్ సరస్సుకు పోయింది. పెద్దమ్మా నువ్వూ రా అని అడగకపోలేదు. ఈ పూట పదిహేను మందికి వండాలమ్మా, రేపు పోదాంలే అని రత్నమ్మే అంది. నిప్పుకొండ ఎటూ మబ్బు వీడలేదు గనక ఆ తొందరా లేదు.

సరస్సు నుంచి వచ్చిన సాయంత్రం హరిత వంటింటి గడపలో నిలబడి ఫోనులో ఫోటోలు చూపించింది. నీలం నీళ్ళు, నీళ్ళ చుట్టూ కొండలు, పడవలో తాను. సరస్సు ఒడ్డున కొన్న చిన్న మిఠాయి పొట్లం పెద్దమ్మ చేతిలో పెట్టింది. రత్నమ్మ చేతికి పిండి ఉంది. మోచేత్తో ముంగురులు వెనక్కి తోసుకుని, బాగుండాది అంది. ఆ పొట్లం చేతిలో పడ్డాక ఆమెకేదో తోచింది, ఏమిటో తెలియలేదు.

భోజనాల దగ్గర డచ్చి అమ్మాయి, హరిత చేత అడిగించింది. ఈ దేశంలో మీకు అన్నిటికంటే బాగా నచ్చిందేమిటి అని. బల్ల చుట్టూ అందరూ చెంచాలు ఆపి చూశారు. రత్నమ్మ ఆలోచించింది. ఎంత ఆలోచించినా కళ్ళ ముందుకు ఒక్కటే వచ్చింది.

"గ్యాసు పొయ్యి. మంట బాగా వస్తాది," అంది.

హరిత అనువాదం చేసింది. అందరూ పడి పడి నవ్వారు. రత్నమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే లేచి గిన్నెలు తీసుకుని ముంగిట్లోని రాతి తొట్టి దగ్గరికి పోయింది. నీళ్ళు పోసింది, పీచు తీసుకుంది, తోమలేదు. కాశీ ఎట్లా ఉంటుందని అడిగినవాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు గుర్తొచ్చారు. వాళ్ళకు తాను చెప్పిన జవాబులు గుర్తొచ్చాయి. ఇన్ని సముద్రాలు దాటి వచ్చి మళ్ళీ పెరట్లోనే దిగింది. ఈసారి ఎవరూ తోయలేదు, తానే నడిచొచ్చి దిగింది.

మరునాడు తెల్లవారి ఆకాశం కడిగినట్లుంది. నీళ్ళ పేరు కొండ మొదలు నుంచి మొన దాకా కనిపిస్తోంది. అకతెనాంగో మీదికి పోయే వ్యాను కాసేపట్లో వస్తుందని, కొండ కింద జీపెక్కితే అది పోగలిగినంత పైకి తీసుకుపోతుందని, కావలసినవాళ్ళు రమ్మని హాస్టల్లో చెప్పారు. అదే పొద్దున మార్తా కూడా హడావిడిగా వచ్చింది. ఒక పెద్ద గుంపు దిగుతోంది, వంట సంగతి విని ముందే చెప్పి పెట్టుకున్నారు, ఇరవైమందికి తక్కువ లేరు. హరిత బూట్లు కట్టుకుంటోంది.

"పాపా, ఈపొద్దు నేను పొయ్యి ముట్టించను," అంది రత్నమ్మ.

హరిత తల ఎత్తింది. "ఒళ్ళు బాగలేదా పెద్దమ్మా?"

"ఒళ్ళుకేమి, రాయి మాదిరుండాది. నేనూ వ్యానెక్కల్ల."

"మార్తాకు మాటిచ్చినాం గదా. ఇప్పటికిప్పుడంటే ఆమె ఏమనుకుంటాది?"

"మాటిచ్చింది నువ్వు, వండింది నేను. నిన్నేమనేదిల్యా, నేనే సరేనంటి. సూడు పాపా, కాశీకి ఎన్ని తూర్లు పోయినానో నాకే లెక్క ల్యాదు. గంగ యా పక్కకు పారతాదో అడుగు, సెప్పలేను. ఈ కొండను గూడా సూడకుండా పుంగనూరు పోతే, ఇంగ నాకు కండ్లు యాలమ్మా?"

హరిత బూటు తాడు ముడేసింది. నేను సూసేదానికే వస్తాండానని ఈమె చెప్పిన మాట ఆ పిల్లకు గుర్తొచ్చిందో లేదో తెలియదు. ముఖం మాత్రం ఎర్రబడింది. లేచి మార్తా దగ్గరికి పోయి, ఈ రోజు నుంచి మంచాలకు అద్దె కడతామని చెప్పింది. మార్తా కోపపడలేదు, కానీ రెండు చేతులూ ఎత్తి వచ్చే గుంపును చూపించింది. అప్పటికే వాళ్ళు సంచులతో ముంగిట్లోకి దిగుతున్నారు. రాత్రంతా బస్సులో ఊగి వచ్చిన ముఖాలు. వాళ్ళలో ఒక ముసలాయన వంటింటి వైపు చూసి వాసన పీల్చాడు. అక్కడ ఇంకా వాసనేమీ లేదు.

అది చాలు రత్నమ్మకు. కాళ్ళు వాటంతట అవే వంటింట్లోకి తీసుకుపోయాయి. ఒక్క అన్నం ఎసరు పెట్టి పోదాం, పప్పు వాళ్ళు చూసుకుంటారు అనుకుంది. పెద్ద గిన్నె పెట్టింది, పొయ్యి ముట్టించింది. మంట బాగా వచ్చింది. బయట వ్యాను వచ్చి హారను కొట్టింది. ఎసరు మరిగాక బియ్యం వేసి పోదాం అనుకుంది. బియ్యం వేస్తే గంజి వార్చాలి. గంజి వార్చాక చారు లేకుండా అన్నం ఎవరు తింటారు? పోపు డబ్బా మీద చెయ్యి పడింది. రెండోసారి హారను మోగింది. హరిత గడపలో నిలబడి ఉంది, రమ్మనలేదు, వద్దనలేదు.

రత్నమ్మ పొయ్యి ఆర్పేసింది.

ముంగిట్లోకి వచ్చి, జర్మనీ కుర్రాడి చేతిలో గరిటె పెట్టింది. బియ్యం ఉన్న చోటు, ఉల్లిగడ్డలు ఉన్న చోటు వేలితో చూపించింది. వాడు గరిటె వైపూ, ఆ గుంపు వైపూ బిక్కమొహం వేసుకుని చూశాడు.

"ఏం గాదు నాయనా. మాడితే మాడిందే తింటారు," అని తెలుగులోనే చెప్పి వ్యానెక్కింది.

మదనపల్లె దగ్గరి హార్స్లీ కొండ ఎత్తును మూడింతలు చేస్తే ఎంతో, జీపు దిగిన చోటు ఇంచుమించు అంత ఎత్తు. అక్కడి నుంచి నడక. ఇక్కడ హరిత పెద్దమ్మ గురించి భయపడింది గానీ, చిన్నప్పుడు హార్స్లీ కొండ కింది ఊళ్ళో అమ్మమ్మ ఇంట్లో ఉండి కట్టెలకు పోయిన కాళ్ళు రత్నమ్మవి. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, హరిత స్వెట్టరు, తలకు మంకీ క్యాపు, కాళ్ళకు కుప్పంలో కొన్న బూట్లు. గుర్రం కావాలా అని ఒకాయన వెంటపడితే వద్దంది. నాలుగడుగులకోసారి నిలబడింది, కానీ నిలబడిన ప్రతిసారీ మళ్ళీ నడిచింది.

పైన గుడారాలు వేసిన ఒక చదును. ఎదురుగా ఫ్వేగో ఉండాలి. ఉన్నది మబ్బు. కింద అంత తేటగా ఉన్న ఆకాశం, ఇక్కడ కంటి ముందు అరచేయి కనిపించనట్లుంది. దారి చూపించేవాడు భుజాలు ఎగరేశాడు. కొండ తన ఇష్టం, కాసేపు చూద్దాం, ఆ తర్వాత దిగాల్సిందే అన్నాడు. కొందరు చలికి గుడారాల్లో దూరారు. హరితకు ఏడుపొచ్చినంత పనయింది. ఆ వారంలో చూసిన సరస్సులూ చర్చీలూ అన్నీ తిరిగిచ్చేస్తాను, ఆ మబ్బును కొంచెం పక్కకు జరపమని ఎవరినైనా అడగాలనిపించింది.

రత్నమ్మ ఒక బండ మీద కూర్చుంది. "యాల దిగులు పడతావు? ఉండాది గదా ఆడనే. యాడికీ పోదు," అంది.

ఆకలేసింది. జీవితంలో మొదటిసారి ఆమె చేతిలో తిండి మూట లేకుండా ప్రయాణానికి వచ్చింది. గుడారాల పక్కన చెక్కలతో కట్టిన చిన్న వంటిల్లు ఉంది. ఎక్కివచ్చినవాళ్ళకు తిండి చేసిపెట్టే ఆ వైపు పల్లె ఆడమనిషి ఒకామె, పువ్వులు నేసిన రవిక తొడుక్కుని, మొక్కజొన్న పిండి ముద్దను రెండు అరచేతుల మధ్య తట్టి తట్టి రొట్టెలు చేస్తోంది. అప్పడాల కర్ర అవసరం లేని చేతులు. ఆ వంటింటికి మూడు పక్కలే గోడలున్నాయి, నాలుగో పక్క కొండ వైపు తెరిచి ఉంది. రత్నమ్మ పోయి అలవాటుకొద్దీ పిండి ముద్ద అందుకోబోయింది. ఆ పల్లె ఆమె భుజంతో ఆమెను పక్కకు తోసి, బల్ల వైపు గరిటెతో చూపించింది. భాష అక్కరలేదు. కూర్చో అన్నది స్పష్టంగా తెలిసింది. రత్నమ్మ కూర్చుంది. ఆ వంటామె వేడి రొట్టె, దాని మీద నల్ల చిక్కుడుగింజల ముద్ద, కాసింత మిరపకాయ కారం పెట్టి, రెండు చేతులతో తెచ్చి ముందర పెట్టింది.

రత్నమ్మ ఒక ముక్క తుంచింది. అప్పుడు హరిత, పెద్దమ్మా అంది, మెల్లగా.

మబ్బు చిరగలేదు, తొలగలేదు, దిగింది. కుండలో పాలు పొంగి దిగినట్లు లోయలోకి దిగిపోయింది. దాని వెనక నుంచి కొండ నల్లగా, నున్నగా, ఇంత దగ్గరలోనా అన్నట్లు నిలబడింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత మొన మీది నుంచి బూడిద రంగు పొగ ఒక్క ముద్దగా లేచి, పైకి పోతూ విచ్చుకుంది. శబ్దం రాలేదు. పొగ సగం దూరం లేచాక అప్పుడు వచ్చింది, కింది నుంచి, బండలోంచి, కూర్చున్న బల్లలోంచి. చూపు ముందు, చప్పుడు తర్వాత. పిడుగు దగ్గరా అంతే, దూరాన కట్టెలు కొట్టేవాడి గొడ్డలి దగ్గరా అంతే. కొండ అంచున బండరాళ్ళు దొర్లుతున్న చోట పగటిపూటే సన్నగా ఎర్రటి గీత కనిపించింది.

రత్నమ్మ చెయ్యి తుంచిన ముక్కతో ఆగిపోయింది. పొగ విడిపోయి మళ్ళీ ఇంకోటి లేచింది. హరిత ఫోను తీసి, ఆ కొండనూ పెద్దమ్మనూ కలిపి ఒక ఫోటో తీయబోయి, ఆమె ముఖం చూసి ఫోను దించేసింది. తిను పెద్దమ్మా, సల్లారిపోతాండాది అంది.

"ఆరనీ," అంది రత్నమ్మ, తల తిప్పకుండా.

రొట్టె చల్లారి గట్టిపడింది. ఆ పల్లె ఆమె అది చూసి ఇంకొకటి వేడిది తెచ్చి దాని మీద పెట్టి పోయింది. దారి చూపించేవాడు దిగుదాం అని రెండుసార్లు చెప్పాడు. కొండ ఇంకో నాలుగుసార్లు పొగ వదిలింది. ప్రతిసారీ చప్పుడు ఎప్పుడొస్తుందా అని రత్నమ్మ కాచుకుంది, వచ్చినప్పుడల్లా తల ఊపింది, తెలిసిన మనిషి పలకరిస్తే ఊపినట్లు.

చివరికి లేచి, రెండు రొట్టెలూ చుట్టచుట్టి చేతిలో పట్టుకుని తింటూ దారి పట్టింది. దిగుడు కాళ్ళకు కష్టం. హరిత చెయ్యి అందించింది.

"ఇంగ ఎన్ని దినాలుండాది మనకీడ?" అని అడిగింది రత్నమ్మ.

"వారం ఉండాది పెద్దమ్మా."

"ఆ సరస్సు నువ్వు సూసేసినావు. నాకోసం మళ్ళా రావల్ల, తప్పదు. పడవలో నేను ముందర కూర్సుంటా," అంది. రొట్టె ముక్క నమిలి మింగి, మళ్ళీ అడిగింది, "రేపు పొద్దన్నే బస్సుండాదా?"